తెరచాప పడవలో దంపతుల ఒక రోజు: సముద్రం లేని జిల్లాల వాళ్లకు సమగ్ర మార్గదర్శి

నల్గొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ వైపు జంటలు గోవా టికెట్లు బుక్ చేసుకోగానే అడిగే ప్రశ్న ఇది: "ఒక రోజు తెరచాప పడవలో తీరం వెంబడి తిరిగి రావాలని ఉంది. ఇద్దరికీ ఈత రాదు. పడవ అంటే సాగర్ లాంచీ తప్ప వేరేది ఎక్కలేదు. ఏం చేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఈత రాకపోయినా వెళ్లొచ్చు. అయితే రోజు బాగా గడవాలంటే అన్నిటికంటే ముందు టైమ్ కుదరాలి. పొద్దున్నే నేల మీది నుంచి సముద్రం వైపు వీచే గాలితో బయల్దేరాలి, మధ్యాహ్నం సముద్రం మీది నుంచి ఒడ్డుకు వీచే గాలితో తిరిగి రావాలి. తిండి, బట్టలు, మాత్రలు, బస, అన్నీ ఈ లెక్క ప్రకారమే చూసుకోవాలి.

ఈ మార్గదర్శి స్కిప్పర్‌తో (పడవ నడిపే మనిషితో) పాటు పడవను అద్దెకు తీసుకునే వాళ్ల కోసం. పడవను సొంతంగా నడపాలనుకుంటే ముందు శిక్షణ తీసుకోండి. మనకు దగ్గర్లో హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌లో సెయిలింగ్ నేర్పుతారు. సముద్రం సంగతి ఆ తర్వాతే.

## 1. నెల, రోజు, ప్రయాణం

జూన్ నుంచి సెప్టెంబర్ వరకు పశ్చిమ తీరం వైపు చూడొద్దు. నైరుతి రుతుపవనాల్లో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. ఆ నెలల్లో ఎవరైనా "ఫర్వాలేదు, తీసుకెళ్తాం" అన్నారంటే అలాంటి వాళ్ల పడవ ఎక్కకూడదు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి వరకు మంచి కాలం. ఉదయం తూర్పు గాలి మెల్లగా వీస్తుంది. పదకొండు ప్రాంతంలో గాలి పడిపోతుంది. మధ్యాహ్నం పన్నెండు, ఒంటిగంట మధ్య వాయవ్యం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. మార్చి దాటాక ఎండతో పాటు మధ్యాహ్నపు గాలి కూడా పెరుగుతుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు అది కష్టం.

విశాఖ వైపు వెళ్లాలనుకునే వాళ్లు అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు బంగాళాఖాతంలో తుపాన్ల కాలమని గుర్తుంచుకోవాలి. జనవరి, ఫిబ్రవరి నయం. కింద చెప్పినదంతా గోవా తీరాన్ని ఉదాహరణగా తీసుకుని రాశాను. గాలి దిక్కులు మారినా, పనుల క్రమం అక్కడా ఇదే.

మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా వాస్కోడగామా వెళ్లే రైలు వారంలో కొన్ని రోజులే ఉంటుంది కాబట్టి ముందు రైలు రోజులు చూసి, ఆ తర్వాత పడవ తేదీ ఖాయం చేసుకోండి. నల్గొండ వాళ్లు హైదరాబాద్ వచ్చి ఎక్కడం తేలిక.

రాత్రంతా బస్సులోనో రైల్లోనో కూర్చుని తెల్లారి నేరుగా జెట్టీకి (పడవ ఎక్కే చోటికి) వెళ్లొద్దు. నిద్ర చాలని ఒంటికి సముద్రం పడదు. ముందు రోజు మధ్యాహ్నానికే చేరుకుని, రాత్రి తొందరగా పడుకోవాలి. పడవ ప్రయాణాన్ని టూర్‌లో చివరి రోజుకు పెట్టుకోవద్దు. వాతావరణం బాగాలేకపోతే మర్నాటికి మార్చుకునేందుకు ఒక రోజు చేతిలో ఉండాలి.

## 2. ఇంటికి దగ్గర్లో ఒక రిహార్సల్

దీన్ని చాలామంది పట్టించుకోరు. నేనైతే తప్పకుండా చేయమంటాను.

హాలియా, పెద్దవూర మీదుగా నాగార్జునసాగర్ వెళ్లి, నాగార్జునకొండ లాంచీ ఎక్కండి. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు, ఆ రోజు వద్దు. జలాశయంలో నీటిమట్టం తక్కువగా ఉన్నా, గాలి ఎక్కువగా ఉన్నా లాంచీలు తిప్పరు కనుక ముందే కనుక్కుని వెళ్లండి. పాలమూరు వాళ్లకు కొల్లాపూర్ దగ్గరి సోమశిల ఉంది.

అక్కడ చూసుకోవాల్సినవి:

- లైఫ్ జాకెట్ గంటసేపు తీయకుండా ఉండగలరా? ఎక్కడ ఒరుసుకుంటోంది?
- ఎండకు తలనొప్పి వస్తోందా? ఎన్ని నీళ్లు తాగాల్సి వస్తోంది?
- ఘాట్ రోడ్డు మీద బస్సులో తల తిరిగే అలవాటు ఉందా? ఉంటే సముద్రంలోనూ తిరుగుతుందనే అనుకుని సిద్ధపడండి.
- చుట్టూ లోతైన నీళ్లు చూస్తే మీ ఇద్దరిలో ఎవరికి టెన్షన్ ఎక్కువ?

చివరి ప్రశ్నకు జవాబు ఇద్దరికీ తెలిసి ఉండాలి. సాగర్‌లో మీ ఆవిడ రెయిలింగ్ వదలకుండా పట్టుకుని కూర్చుంటే, సముద్రంలో "ఏం కాదు, ముందుకొచ్చి నిలబడు, ఫొటో తీస్తా" అని బలవంతం చేయకూడదు. భర్తకే భయమైతే, అది పైకి చెప్పుకునే వీలు ఉండాలి.

సాగర్‌లో బాగానే ఉంది కదా అని సముద్రాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జలాశయంలో గాలికి లేచే చిన్న అలలే ఉంటాయి. సముద్రంలో గాలి లేకపోయినా, ఎక్కడో దూరంగా పుట్టిన పొడవాటి అలలు పడవను మెల్లగా ఎత్తి దించుతూనే ఉంటాయి. కడుపులో తిప్పేది ఎక్కువగా వాటివల్లే.

## 3. పడవ మాట్లాడుకునే ముందు

తెరచాప పడవల్లో మీకు దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకే అడుగుభాగం ఉన్న పడవ గాలికి పక్కకు ఒరుగుతుంది. దాని అడుగున కీల్ అనే బరువు ఉంటుంది కనుక కొంత ఒరగడం మామూలే, అది తిరగబడటం కాదు. రెండు అడుగుభాగాలున్న కటమరాన్ పెద్దగా ఒరగదు, చోటు కూడా ఎక్కువ, కానీ చిన్న అలలకు కుదుపులు ఉంటాయి. ఒరిగితే గుండె జారిపోయే వాళ్లు కటమరాన్ తీసుకోవడం మంచిది. గాలితో పడవ నడిచే తీరు ఒంటికి తెలియాలంటే మాత్రం మొదటి రకమే బాగుంటుంది.

ఫోన్‌లో మాట్లాడినా, జవాబులు వాట్సాప్‌లో రాయించుకోండి:

- పడవ రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ ఉన్నాయా? గోవాలో పడవల రిజిస్ట్రేషన్ చూసేది కెప్టెన్ ఆఫ్ పోర్ట్స్ శాఖ. కాగితం ఫొటో అడగడానికి మొహమాటపడొద్దు.
- ఎంతమందిని ఎక్కిస్తారు? మనమిద్దరమేనా, ఇంకెవరైనా ఉంటారా?
- స్కిప్పర్‌కు తోడుగా ఇంకో మనిషి ఉంటాడా? మీ ఇద్దరికీ పడవ పని రానప్పుడు రెండో మనిషి ఉండి తీరాలి.
- మన బరువుకు, కొలతకు సరిపడే లైఫ్ జాకెట్లు ఉన్నాయా? ఎన్ని న్యూటన్లవి?
- టాయిలెట్ ఉందా? ఉంటే పనిచేస్తోందా?
- నీడ కోసం పైన గుడ్డ పందిరి ఉందా?
- ఇంజిన్ ఉందా? సముద్రం మీది నుంచి సాయం పిలవడానికి వాడే వీహెచ్ఎఫ్ రేడియో ఉందా?
- వాతావరణం బాగాలేక రద్దయితే డబ్బు వెనక్కి ఇస్తారా, తేదీ మారుస్తారా?
- ధర పడవ మొత్తానికా, మనిషికింతనా? డీజిల్, భోజనం అందులోనే కలిశాయా?

టాయిలెట్ గురించి అడగడానికి ఆడవాళ్లు సిగ్గుపడి, ఉదయం నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంటారు. ఎండలో అది ప్రమాదం. టాయిలెట్ లేని పడవ అయితే మూడు గంటల ప్రయాణానికే ఒప్పుకోండి, రోజంతా వద్దు.

లైఫ్ జాకెట్ న్యూటన్ల లెక్క కూడా తెలుసుకోవాలి. జాకెట్ మనిషిని ఎంత బలంగా తేలుస్తుందో చెప్పే కొలత అది. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకు తేలడంలో సాయపడేది మాత్రమే. ఈత రానివాళ్లకు కనీసం 100 న్యూటన్లది కావాలి, 150 అయితే ఇంకా మంచిది. అవి మనిషిని వెల్లకిలా తిప్పి, ముఖం నీటిపైన ఉండేలా తయారైనవి.

## 4. వాతావరణం: మూడు అంకెలు

హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ దేశంలోని తీరాలన్నిటికీ అలల ఎత్తు, గాలి అంచనాలు ఇస్తుంది. తుపాను హెచ్చరికలకు వాతావరణ శాఖ ఉంది. విండీ లాంటి యాప్‌లో గంటగంటకూ గాలి ఎటు మారుతుందో చూడొచ్చు. ముందు రోజు సాయంత్రం ఒకసారి, బయల్దేరే ముందు తెల్లవారుజామున ఇంకోసారి చూసుకోవాలి.

గాలి వేగం. దీన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. 8 నుంచి 12 నాట్లు హాయిగా ఉంటుంది. 15 దాకా, అంటే గంటకు 28 కిలోమీటర్ల దాకా, కొత్తవాళ్లు ఓర్చుకోగలరు. 20 అని చూపిస్తే మానుకోండి.

అల ఎత్తు. ఒక మీటరు లోపు ఉంటే మంచిది. ఈ అంకె మొత్తం అలల్లో అన్నిటికంటే పెద్దవైన మూడో వంతు అలల ఎత్తుకు సగటు. నడుమనడుమ దానికి దాదాపు రెట్టింపు ఎత్తున్న అల కూడా రావచ్చు.

అలకూ అలకూ మధ్య సమయం. దీన్ని చాలామంది చూడనే చూడరు. మీటరు ఎత్తు అల పది సెకన్లకొకటి వస్తే పడవ మెల్లగా లేచి దిగుతుంది. అదే ఎత్తు నాలుగైదు సెకన్లకొకటి వస్తే ఒళ్లు హూనమవుతుంది.

ఇంట్లో క్యాలెండర్ కూడా చూడండి. పౌర్ణమి, అమావాస్యల దగ్గర ఆటుపోట్ల తేడా ఎక్కువగా ఉంటుంది. గోవాలోని మాండోవి లాంటి నదీముఖంలో, సముద్రం వెనక్కి తగ్గుతూ నీరు బయటికి లాగుతున్నప్పుడు ఎదురుగా సముద్రపు గాలి వీస్తే, అలలు నిటారుగా లేస్తాయి. ఆ వేళకు నదీముఖం దాటే పని పెట్టుకోవద్దని స్కిప్పర్‌తో ముందే మాట్లాడుకోవాలి.

అన్నీ బాగున్నా స్కిప్పర్ వద్దంటే వద్దు. "ఇంత దూరం నుంచి వచ్చాం" అని బతిమాలొద్దు.

## 5. ఒంటి మీద ఏముండాలి, ఏముండకూడదు

చీర, చున్నీ, వదులు పలాజో వద్దు. పడవ మీద తాళ్లు బిగించే వించ్ అనే చక్రం ఉంటుంది. తాడుతో పాటు చున్నీ అంచు దానికి చుట్టుకుంటే మెడకు ఉరి పడుతుంది. పొడవు చేతుల కాటన్ కుర్తా, కాళ్లకు పట్టి ఉండే ప్యాంటు మంచివి. మగవాళ్లు లుంగీ, జీన్స్ రెండూ పక్కన పెట్టండి. జీన్స్ తడిస్తే బరువెక్కి ఆరదు.

జడను ముడిగా కట్టేయండి, వేలాడనివ్వొద్దు.

పుస్తెలతాడు తీయడం మనలో చాలామందికి ఇష్టం ఉండదు, తీయనక్కర్లేదు. కుర్తా లోపలికి వేసుకుని, మెడ దగ్గర పిన్నీసు పెట్టి, దాని మీద లైఫ్ జాకెట్ జిప్పు పూర్తిగా పెట్టేస్తే బయటికి రాదు. మట్టిగాజులు మాత్రం గదిలోనే పెట్టి రండి. పగిలితే ఆ ముక్కలు అందరి కాళ్లకూ గుచ్చుకుంటాయి. మెట్టెలు తాళ్లకు తగులుకుంటాయి, కాబట్టి వేళ్లు కప్పే బూట్లు వేసుకోవాలి. ఉంగరాలు ఇద్దరూ తీసేయండి. తాడు పట్టిన వేలికి ఉంగరం ఉంటే వేలే తెగే ప్రమాదం ఉంది.

బూట్ల అడుగు తెల్లగానో, మరక పడని రబ్బరుతోనో ఉండాలి. నల్ల సోల్ డెక్ (పడవ పైతలం) మీద గీతలు పెడుతుంది, చాలామంది స్కిప్పర్లు ఒప్పుకోరు. చెప్పులు జారతాయి.

సన్‌స్క్రీన్ ఎండలోకి వెళ్లే ముందే రాసుకుని, రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. చెవుల వెనుక, మెడ వెనుక, గడ్డం కింద కూడా రాయండి, నీటి మీద పడిన ఎండ కింది నుంచి కూడా కొడుతుంది. రాశాక అరచేతులు తుడుచుకోవాలి, లేదంటే తాడు జారుతుంది.

సంచిలో పెట్టుకోవాల్సినవి:

- గడ్డం కింద తాడు కట్టుకునే టోపీ, తాడున్న చలువ కళ్లద్దాలు
- పలచటి జాకెట్, గాలికి చలి వేస్తుంది
- ఒక జత పొడి బట్టలు, తువ్వాలు, ప్లాస్టిక్ కవర్లో
- ఫోన్‌కు నీళ్లు దూరని పౌచ్, మెడలో కాకుండా నడుముకు
- గుర్తింపు కార్డుల కాపీలు
- రోజూ వాడే మందులు
- సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే గ్లౌజులు, తాడు పట్టాలని సరదా ఉంటే

ఇవన్నీ ఒకే మెత్తటి సంచిలో పట్టాలి. చక్రాల సూట్‌కేసు పెట్టుకునే చోటు పడవలో ఉండదు.

## 6. కడుపు సంగతి

ఖాళీ కడుపుతో వెళ్తే వాంతులు కావనుకోవడం పొరపాటు. ఖాళీ కడుపులోనే ఎక్కువ తిప్పుతుంది. ముందు రాత్రి బిర్యానీ, మద్యం, మసాలా వేపుళ్లు మానేసి, పెరుగన్నం లాంటిది తిని పడుకోండి. పొద్దున ఇడ్లీ రెండు, లేదా బ్రెడ్. కాఫీ, టీ సగం కప్పు చాలు.

పడవలోకి ఎండురకం తిండి తీసుకెళ్లండి: మరమరాలు, బిస్కెట్లు, అరటిపండ్లు, నూనె తక్కువ వేసిన జొన్నరొట్టె, పల్లి పొడి. ఇంటి నుంచి సర్వపిండి తెచ్చుకుంటే మధ్యాహ్నం గాలి లేని వేళ తినండి, పొద్దున వద్దు, అది నూనె పదార్థం. అల్లం మురబ్బా ముక్క చప్పరిస్తే చాలామందికి కాస్త నయంగా ఉంటుంది.

మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉండాలి.

తల తిరిగే అలవాటున్న వాళ్లు ప్రోమెథజిన్ లాంటి మాత్ర వాడతారు. దానితో మత్తుగా, నోరు ఎండిపోయినట్టుగా ఉంటుంది. డాక్టరును అడిగే వేసుకోండి. గర్భిణులు, కంటి ఒత్తిడి, ప్రొస్టేట్ సమస్య ఉన్నవాళ్లు తప్పనిసరిగా అడగాలి. మాత్ర ముందు రాత్రిగానీ, బయల్దేరడానికి గంట రెండు గంటల ముందుగానీ పడాలి. వికారం మొదలయ్యాక మింగితే కడుపులో నిలవదు. ఒంటికి పడుతుందో లేదో సాగర్ రిహార్సల్ రోజే తెలుసుకోవచ్చు.

పడవలో వికారంగా అనిపించగానే చేయాల్సినవి, ఇదే వరసలో:

1. స్కిప్పర్‌కు చెప్పండి. దాచుకోవద్దు.
2. పడవ వెనుక భాగంలో, మధ్యగా కూర్చోండి. ముందు భాగం ఎక్కువ ఎగురుతుంది.
3. నీరు, ఆకాశం కలిసే గీత వైపే చూడండి. ఫోన్ జేబులో పెట్టేయండి.
4. లోపలి గదిలోకి వెళ్లొద్దు. పడుకుంటే తగ్గుతుందని దిగినవాళ్లకు అక్కడే వాంతి అవుతుంది.
5. స్కిప్పర్ ఒప్పుకుంటే చుక్కాని పట్టుకోండి. పడవ ఎటు కదలబోతోందో కళ్లకు, చేతికి ముందే తెలియడం వల్ల చాలామందికి తగ్గిపోతుంది.
6. తప్పకపోతే గాలి వెళ్లే వైపుకు, ఒకరు జాకెట్ పట్టుకుని ఉండగా, వంగండి. గాలి వచ్చే వైపు వంగితే అది ముఖం మీదికే వస్తుంది.

## 7. జెట్టీ దగ్గర మొదటి అరగంట

ఏడింటికి పడవ కదలాలంటే ఆరున్నరకు జెట్టీలో ఉండాలి. ఈ అరగంటలో తొందరపడొద్దు.

లైఫ్ జాకెట్ వేసుకుని బెల్టులన్నీ బిగించాక, మీ జంటలో ఒకరు రెండోవాళ్ల జాకెట్‌ను భుజాల దగ్గర పట్టి పైకి గట్టిగా లాగండి. అది చెవుల దాకా వచ్చేస్తే పెద్దది, మార్చమనండి. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే దాన్నీ పెట్టుకోవాలి. నీళ్లలో జాకెట్ పైకి జారిపోకుండా ఆపేది అదే.

ఎక్కేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. సంచి ముందు అందించి, తర్వాత మనిషి ఎక్కాలి. జెట్టీకి, పడవకు మధ్య చేయిగానీ కాలుగానీ పెట్టి పడవను ఆపే ప్రయత్నం ఎప్పుడూ చేయొద్దు.

ఎక్కాక స్కిప్పర్‌ను అడిగి చూసుకోవాల్సినవి: అగ్నిమాపక సిలిండర్ ఎక్కడ, తేలే రింగు ఎక్కడ, రేడియో ఎలా నొక్కాలి, ఇంజిన్ ఎలా ఆపాలి. స్కిప్పర్‌కే ఒంట్లో బాగాలేకపోతే మిగిలేది మీరూ, ఆ రెండో మనిషీ. రేడియోలో అత్యవసర చానల్ 16. ఫోన్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబర్ 1554.

టాయిలెట్ వాడే పద్ధతి కూడా ఇక్కడే చూపించమనండి. చేతి పంపుతో నీళ్లు తోడి పంపే రకం అయితే, కడుపు నుంచి వచ్చింది తప్ప అందులో ఇంకేమీ వేయకూడదు. శానిటరీ ప్యాడ్, టిష్యూ ముక్క పడినా పైపు మూసుకుపోతుంది.

ఇంటికి ఒక మెసేజ్ పెట్టండి: జెట్టీ పేరు, పడవ పేరు, స్కిప్పర్ నంబర్, తిరిగొచ్చే టైమ్, ఆ టైమ్ దాటి రెండు గంటలైనా ఫోన్ రాకపోతే ఎవరికి చేయాలి. అత్తమ్మకో అమ్మకో పెడితే రోజంతా కంగారుపడతారు అనుకుంటే, తమ్ముడికో మరదలికో పెట్టండి. ఒక మనిషికి మాత్రం తెలిసి ఉండాలి.

## 8. వెళ్లేటప్పుడు

మాండోవి నది నుంచి బయటికి ఇంజిన్ మీద వెళ్తారు. నదీముఖం దగ్గరి అగువాడ కొన దాటాక తెరచాప లేపుతారు. తూర్పు గాలి కుడివైపు నుంచి తగులుతుంటే తీరం వెంట ఉత్తరంగా, కాండోలిం వైపు సాగుతారు. పక్క నుంచి వచ్చే ఈ గాలిలో పడవ నేర్చుకోవడం తేలిక.

నేర్చుకోవాల్సిన వాటిలో మొదటిది బూమ్. పెద్ద తెరచాప కింది అంచును పట్టి ఉంచే అడ్డదూలం అది. పడవ దిశ మారినప్పుడు ఈ వైపు నుంచి ఆ వైపుకు తిరుగుతుంది. నిలబడితే తలకు తగిలే ఎత్తులో ఉంటుంది. తెరచాప పైకి లేచిన క్షణం నుంచి దించేదాకా, కూర్చున్న చోటు నుంచి లేచే ముందు బూమ్ ఎక్కడుందో చూసి లేవాలి.

స్కిప్పర్ "రెడీ టు టాక్" అంటే గాలికి ఎదురుగా తిరగబోతున్నాడని అర్థం. "రెడీ" అని జవాబిచ్చి, తల దించి, చెప్పిన వైపుకు జరగండి. "జైబ్" అంటే గాలి వెనుక నుంచి ఉండగా తిరుగుతున్నాడు, బూమ్ ఇంకా వేగంగా వస్తుంది. మాట వినపడగానే ఫోన్, మాటలు, ఫొటో అన్నీ ఆపేయాలి.

తాడు పట్టే సరదా ఉంటే, వించ్‌కు గడియారం ముల్లు తిరిగే వైపుగా చుట్లు వేయడం చూపిస్తారు. చేతిని పిడికిలిగా బిగించి, బొటనవేలు వించ్ వైపుకు రాకుండా, దానికి జానెడు దూరంలో ఉంచండి. తాడును చేతికి చుట్టుకోవద్దు, ఎంత చిన్న గాలైనా సరే.

జంటలకు ఇక్కడే గొడవలు మొదలవుతాయి. ఒకరు చుక్కాని పడతారు, రెండోవాళ్లు పక్కన కూర్చుని "అటు కాదు, ఇటు తిప్పు" అంటుంటారు. చుక్కాని పట్టినవాళ్లు స్కిప్పర్ మాట ఒక్కటే వినాలి. రెండోవాళ్లకు వేరే పని ఇవ్వండి: ముందు చేపల వలల తెల్లటి బుడ్డలు కనిపిస్తున్నాయా చూసి చెప్పడం. తీరానికి దగ్గర్లో వలలు చాలా ఉంటాయి, ఒకటి ఇంజిన్ ఫ్యానుకు చుట్టుకుంటే రోజంతా అక్కడే పోతుంది. కాబట్టి ఈ పని పేరుకు ఇచ్చింది కాదు. అరగంటకోసారి చోట్లు మార్చుకోండి.

రెండు చేతులూ వదిలి డెక్ మీద నడవొద్దు. నడిచేటప్పుడు ఒక చేయి ఎప్పుడూ పడవను పట్టుకునే ఉండాలి.

## 9. గాలి ఆగిన వేళ

పదకొండు దాటాక తెరచాప వేలాడిపోతే ఏదో పాడైందనుకోవద్దు. నేల గాలి ఆగిపోయి, సముద్రపు గాలి ఇంకా రాని సమయం అది. లంగరు వేసి భోజనం చేయడానికి ఇదే సరైన వేళ.

లంగరు వేసే చోటు స్కిప్పర్ చూసుకుంటాడు. మీరు ఒకటి అడగండి: మధ్యాహ్నం వాయవ్య గాలి లేస్తే ఈ చోటికి అడ్డు ఉందా? లేకపోతే గాలి మొదలవగానే కదలాలి.

ఈత రానివాళ్లు లంగరు వేసినప్పుడు జాకెట్‌తో నీళ్లలోకి దిగుదామని ముచ్చటపడతారు. నిచ్చెన దించి, ఇంజిన్ ఆపి, పడవకు కట్టిన తాడు పట్టుకుని, స్కిప్పర్ మనిషి ఒకరు నీళ్లలో ఉంటేనే దిగండి. ఆటుపోట్ల లాగుడు ఉంటే అసలొద్దు. బీరు సీసాలు ఒడ్డుకు వచ్చాక చూసుకోవచ్చు.

## 10. తిరుగు ప్రయాణం

ఒంటిగంట లోపు దక్షిణంగా తిరగాలి. వాయవ్య గాలి ఇప్పుడు వెనుక నుంచి వస్తుంది. పడవ గాలితో పాటే పోతుంది కనుక ముఖానికి గాలి తగలదు, ఒరగడం తగ్గుతుంది, నిద్ర కూడా వస్తుంది. హాయిగా ఉందని అందరూ లేచి తిరగడం మొదలుపెడతారు.

రోజు మొత్తంలో తలకు దెబ్బ తగిలే అవకాశం ఎక్కువున్నది ఈ గంటల్లోనే. వెనుక గాలి కొద్దిగా పక్కకు మళ్లినా, చుక్కాని పట్టిన చేయి కొద్దిగా తడబడినా, బూమ్ చెప్పా పెట్టకుండా అవతలికి దూసుకొస్తుంది. బూమ్ కదలకుండా ప్రివెంటర్ అనే తాడు కట్టమని స్కిప్పర్‌ను అడగొచ్చు. ఈ దశలో చుక్కాని ఆయన చేతికే ఇచ్చేయండి. మీరిద్దరూ కాక్‌పిట్‌లో (చుక్కాని దగ్గర కూర్చునే లోతు చోటులో), బూమ్ ఎత్తుకు కింద, కూర్చునే ఉండాలి. ఫొటోలు తీసుకోవాలంటే ఉదయమే తీసుకోవాలి.

మూడున్నర, నాలుగు మధ్య జెట్టీకి చేరేలా చూసుకోండి. శీతాకాలంలో ఆరు, ఆరున్నర ప్రాంతంలో పొద్దు పోతుంది. సూర్యాస్తమయం పడవ మీదే చూడాలంటే దానికి వేరే సాయంత్రం, నది లోపలే గంట ప్రయాణం పెట్టుకోండి.

## 11. ఒకరు నీళ్లలో పడితే

ఈ మాట బయల్దేరే ముందే, గదిలోనే, ఇద్దరూ మాట్లాడుకోవాలి. మనవాళ్లు పడితే వెంటనే దూకాలనే అనిపిస్తుంది. దూకకూడదు. అప్పుడు వెతకాల్సింది ఇద్దరిని.

- పడవలో ఉన్నవాళ్లు గట్టిగా అరవాలి.
- తేలే రింగు, చేతికందిన దిండు, ఏదైనా తేలేది విసరాలి.
- ఒక చేయి చాచి, పడిన మనిషి వైపే చూపిస్తూ ఉండాలి. కళ్లు ఒక్క క్షణం కూడా తిప్పకూడదు. అలల మధ్య ఒక తల కనిపించకుండా పోవడానికి ఎంతోసేపు పట్టదు. పడవ తిప్పి తెచ్చేపని స్కిప్పర్‌ది, చూపించే పని మీది.
- పడినవాళ్లు ఈదడానికి పెనుగులాడకుండా, వెల్లకిలా తేలుతూ, మోకాళ్లు ఛాతీకి దగ్గరగా పెట్టుకుని ఉండాలి.
- పడవ దగ్గరికి వచ్చాక ఇంజిన్ ఫ్యాను తిరగడం లేదని తెలిశాకే నిచ్చెన దగ్గరికి రావాలి.

## 12. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి విరుగుడు

పదింటికి తీరిగ్గా బయల్దేరడం. నేల గాలి అప్పటికే అయిపోతుంది. ఇంజిన్ మీద వెళ్లి, ఎదురుగాలిలో తడుస్తారు. ఆలస్యమైతే దూరం తగ్గించుకుని నదిలోనే తెరచాప వేయించుకోండి.

ముందు గాలి వాటున దూరం పోయి, తర్వాత ఎదురుగాలిలో తిరిగి రావడం. అదే దూరానికి రెట్టింపు టైమ్, రెట్టింపు కుదుపులు. ఏ తీరంలోనైనా మధ్యాహ్నపు గాలి ఎటు నుంచో అడిగి, ఉదయం ఆ దిక్కుకే వెళ్లాలి.

వేడిగా ఉందని లైఫ్ జాకెట్ తీసేయడం. మెడ దగ్గర తడిగుడ్డ వేసుకోండి, నీడలోకి జరగండి. ఈత రానివాళ్లు జెట్టీ మీద కాలు పెట్టేదాకా తీయొద్దు.

ఒకరికి బాగాలేదని తెలిసినా, డబ్బులిచ్చాం కదా అని ముందుకు పోవడం. వికారం రెండోసారి వాంతిదాకా వస్తే వెనక్కి తిప్పమనండి. ఇద్దరిలో ఎవరు "చాలు" అన్నా తిప్పడమే అని ముందే ఒప్పుకుని ఎక్కండి. కారణం అడగొద్దు.

డ్రోన్, స్పీకర్, బెలూన్లు. పెళ్లిరోజని ఇవన్నీ తెస్తారు. స్పీకర్ మోతలో స్కిప్పర్ మాట వినపడదు. బెలూన్లు సముద్రంలో పడతాయి. కేక్ కోయాలంటే లంగరు వేసినప్పుడు కోసుకోండి, ప్లాస్టిక్ చెత్త వెనక్కి తీసుకురండి.

గుండె జబ్బు, మూర్ఛ, నడుము డిస్కు సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ ప్రయాణాన్ని వాయిదా వేసుకుని, నది లోపల నిలకడగా ఉండే పెద్ద పడవ ఎక్కడం మేలు.

## 13. ఒడ్డుకు వచ్చాక

ఇంటికి ఫోన్ చేసి చేరామని చెప్పండి. నేల మీద నిలబడినా ఊగుతున్నట్టు అనిపిస్తే కంగారు పడొద్దు, మామూలుగా ఆ సాయంత్రానికో మర్నాటికో తగ్గిపోతుంది. ఆ రాత్రి బండి నడపొద్దు. వికారం మాత్ర వేసుకున్నవాళ్లు అసలే నడపొద్దు.

ఉప్పునీరు తగిలిన కళ్లద్దాలు, బూట్లు, సంచి జిప్పులు మంచినీళ్లతో కడగండి, లేదంటే జిప్పులు నాలుగు రోజుల్లో బిగుసుకుపోతాయి. ఫోన్ పూర్తిగా ఆరేదాకా చార్జింగ్ పెట్టొద్దు.